గోడ మీద చిట్టా: 217 రోజుల వ్యాయామం లెక్క

నాకు 47 ఏళ్లు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. వ్యాయామం ఎందుకు మొదలుపెట్టానో ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఇది బరువు గురించీ కాదు, షుగర్ గురించీ కాదు. చేసిన రోజు, చెయ్యని రోజు కంటికి కనపడేలా గోడ మీద ఎలా రాసుకోవాలన్న ఒక్క విషయం గురించే. దీనికోసం క్యాలెండర్ నాలుగుసార్లు మార్చాను. ఏది ఎక్కడ చెడిందో కొలతలతో సహా రాస్తున్నాను. ఎవరైనా గియ్యాలనుకుంటే నేను పాడుచేసిన షీట్ల ఖర్చయినా వాళ్లకు మిగులుతుంది.

ప్రతి దశ చివర మూడు అంకెలు ఉంటాయి: ఆ దశలో చేసిన రోజులు, మొదటి రోజు నుంచి మొత్తం, ఇప్పటిదాకా అయిన ఖర్చు.

## దశ 1: పంచాంగం క్యాలెండర్ (2024 జూలై 1 – జూలై 28)

వంటింటి తలుపు పక్కన కొట్టువాళ్లు ఇచ్చిన పెద్ద క్యాలెండర్ వేలాడుతోంది. దాన్నే వాడాను. నియమం ఒక్కటే: పొద్దున స్టేడియంలో 45 నిమిషాలు నడిస్తే ఆ తేదీ గడిలో ఇంటూ గుర్తు. అంతకంటే తక్కువైతే ఏమీ లేదు. (స్టేడియం అంటే సింగ్ నగర్‌లో మాకినేని బసవపున్నయ్య స్టేడియం, మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక.)

చెడినవి:

1. చోటు లేదు. గడి అడ్డం 6 సెం.మీ., నిలువు 4.5 సెం.మీ. వినడానికి పెద్దదే. కానీ తేదీ, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ సర్దుకున్నాక మిగిలింది కుడి మూలన ఒక సెంటీమీటరు.
2. ఆ మూల కూడా నాది కాదు. ఆ క్యాలెండర్ ఇంటి ఉమ్మడి ఆస్తి. గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ కట్టిన తేదీ, పనమ్మాయి మానేసిన రోజు, పాలు రాని రోజు అన్నీ అందులోనే. పాలు రాని రోజుకు మా ఆవిడ పెట్టే గుర్తు కూడా ఇంటూయే.
3. పేజీ తిప్పితే నెల మాయం.

రెండోది నాలుగు వారాల దాకా బయటపడలేదు. 28న పాల లెక్క చూస్తూ మా ఆవిడ పదిహేడు రోజులకు డబ్బు కోసేసింది. పాలవాడు లబోదిబోమన్నాడు. అతని పుస్తకం తీయిస్తే రానిది అయిదు రోజులే. అంటే ఆ పదిహేడు ఇంటూల్లో నావి పన్నెండు. అవి ఏ పన్నెండో ఇప్పటికీ తేలలేదు. ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి, ఒకే చిట్టాలో రెండు ఖాతాలకు ఒకే గుర్తు వాడాను. కొట్లో గుమాస్తా ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేనే తిట్టేవాణ్ణి.

మూడోది చిన్నదిగా కనపడుతుంది కానీ అన్నిటికంటే పెద్ద లోపం అదే. ఆగస్టు పేజీ తిప్పితే జూలైలో చేసిందీ చెయ్యందీ వెనక్కి వెళ్లిపోతాయి. ప్రతి ఒకటో తారీకున ఓపెనింగ్ బ్యాలెన్స్ సున్నా. ఆరు నెలలు ఒక్క చూపులో కనపడకపోతే క్యాలెండర్ పెట్టి లాభం లేదు.

ఈ దశ: 12 / 28. మొత్తం: 12 / 28 (43 శాతం). ఖర్చు: 0.

## దశ 2: ఫోన్ (జూలై 29 – ఆగస్టు 4)

ఒక యాప్ వేసుకున్నాను. అది బాగానే పనిచేసింది, నేనే పనిచెయ్యలేదు. గుర్తు పెట్టడానికి ఫోన్ తెరవాలి. తెరిస్తే వాట్సాప్. పొద్దున 5:20కి తెరిచిన ఫోన్ 5:45కి పక్కన పెట్టిన రోజులు నాలుగు. ఇంకోటి, ఫోన్‌లో ఉన్నది నాకు తప్ప ఇంట్లో ఎవరికీ కనపడదు. ఏడు రోజులు చాలనిపించింది.

ఈ దశ: 5 / 7. మొత్తం: 17 / 35 (49 శాతం). ఖర్చు: 0.

## దశ 3: 12 వరసలు, 31 గళ్లు, ఒక గొలుసు (ఆగస్టు 5 – ఆగస్టు 30)

స్టేషనరీ కొట్లో తెల్ల చార్ట్ షీట్ 15 రూపాయలు, స్కెచ్ పెన్నుల ప్యాకెట్ 60. షీట్ కొలిస్తే 71 × 56 సెం.మీ. వచ్చింది. ఎడమవైపు నెలల పేర్లకు 7 సెం.మీ. వదిలితే అడ్డంగా 64 మిగులుతుంది. 31తో భాగిస్తే గడికి 2 సెం.మీ. పైన కొద్దిగా. కింద 12 వరసలు, ఒక్కోటి 3 సెం.మీ. సంవత్సరమంతా ఒకే షీటులో పట్టింది. నియమం మార్చలేదు, అదే 45 నిమిషాలు. చేసిన రోజు గడి మొత్తం ఆకుపచ్చ.

బీరువా పక్కన, పడగ్గదిలో అంటించాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఆగస్టు 5 నుంచి 19 వరకు వరసగా పదిహేను గళ్లు నిండాయి. చూడ్డానికి బాగుంది. అసలు ప్రమాదమూ అక్కడే మొదలైంది. ఆ పచ్చ పట్టీ తెగకూడదన్న పట్టుదల పెరిగింది. పదమూడో రోజు మోకాలు నొప్పిగా ఉన్నా కుంటుకుంటూ వెళ్లాను. 20న కొట్లో శ్రావణం సీజన్ లెక్కలు ముగిసేసరికి రాత్రి పన్నెండున్నర. 21 పొద్దున లేచి చూస్తే 20వ గడి తెల్లగా ఉంది. అలా 20 నుంచి 27 వరకు ఎనిమిది రోజులు ఒక్క అడుగు వెయ్యలేదు. 20న తప్ప మిగతా ఏడు రోజులూ తీరిక ఉంది. గొలుసు ఎలాగూ తెగింది కదా, ఒకటో తారీకున మళ్లీ మొదలుపెడదాంలే అనుకున్నాను, అంతే.

పదిహేను రోజులు కట్టిన వాయిదాలు ఒక్క రోజు తప్పితే చెల్లనట్టు ఎందుకు ప్రవర్తించానో నాకే అర్థం కాలేదు. కాస్త చదివాను. ఈ గొలుసు పద్ధతిని అమెరికా హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ పేరు మీద చెబుతారు. ఆయనేమో అది తనది కాదని 2014లో చెప్పాడు. ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్‌లో ఎన్ని రోజులు వరసగా పనిచేశారో చూపే అంకె ఉండేది, 2016లో దాన్ని తీసేశారు. గళ్ల బొమ్మ మాత్రం ఉంచారు. "21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అన్న మాట మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసింది. ఆయన చూసింది ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడ్డానికి పట్టే కాలం, పొద్దున్నే లేచి నడవడం కాదు. నిజంగా కొలిచినవాళ్లు లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన లెక్క ప్రకారం ఒక పని అలవాటుగా స్థిరపడ్డానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. నాకు పనికొచ్చింది అందులో ఇంకో వాక్యం: మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మనకు మండల దీక్షలు తెలుసు కాబట్టి గొలుసు సులభంగా తలకెక్కుతుంది. నలభై రోజులు, నలభై ఒక్క రోజులు, భంగం కాకూడదు. కానీ దీక్షకు విరమణ రోజంటూ ఒకటి ఉంటుంది. నడకకు అది లేదు.

28 నుంచి మళ్లీ మూడు రోజులు నడిచాను.

ఈ దశ: 18 / 26. మొత్తం: 35 / 61 (57 శాతం). ఖర్చు: 75.

## మధ్యలో: వరద (ఆగస్టు 31 – సెప్టెంబర్ 15)

31న రోజంతా వాన. సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది. మర్నాడు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరదని వార్త. ఆ వార్త మాకు తెలిసింది కరెంటు వచ్చాకే. మాది రెండో అంతస్తు కాబట్టి బియ్యం, బట్టలు దక్కాయి. స్కూటర్ దక్కలేదు. నడుము లోతు నీళ్లలో సందు చివరికి వెళ్లి ట్రాక్టర్ మీద వచ్చిన పాల ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు తెచ్చి కింద ఇంటివాళ్లకూ మాకూ పైకి మోశాను. రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కానో లెక్కపెట్టలేదు.

అవి గళ్లలో వేసుకోవాలా వద్దా అని తరవాత ఆలోచించాను. ఒళ్లు అలిసిన మాట నిజం. కానీ ఈ చార్టు ఒళ్లు అలిసిందా లేదా అని అడగదు. నాకై నేను బయల్దేరానా లేదా అని అడుగుతుంది. వేసుకోలేదు. అలాగని ఆ పదహారు గళ్లను ఆగస్టు 21 లాగా తెల్లగా వదలడమూ తప్పే. బద్ధకానికీ బుడమేరుకూ ఒకే రంగు ఉండకూడదు. కారణం రాసే గుర్తు ఒకటి కావాలని అప్పుడు అర్థమైంది. "వ" అని రాశాను.

పాత చార్టు మునగలేదు కానీ చెమ్మకు ఉబ్బింది. స్కెచ్ పెన్ను నీళ్ల ఇంకు కదా, పచ్చ గళ్లు ఒకదాంట్లోకి ఒకటి పాకాయి. 19వ తారీకు రంగు 20లోకి కూడా వచ్చింది. వరదే నా గొలుసు అతికించిందని మా అమ్మాయి నవ్వింది.

ఈ దశ: 0 / 16. మొత్తం: 35 / 77 (45 శాతం). ఖర్చు: 75.

## దశ 4: ఏడు వరసలు, బొట్టుబిళ్లలు (సెప్టెంబర్ 16 – నవంబర్ 10)

కొత్త షీట్. ఈసారి నెలల వరసలు మానేసి వారాల నిలువు గళ్లు గీశాను: పైనుంచి కిందికి సోమవారం మొదలు ఆదివారం దాకా ఏడు వరసలు, ఎడమ నుంచి కుడికి వారాలు. గిట్‌హబ్ బొమ్మ ఇలాగే ఉంటుంది, అమ్మాయి చూపించింది.

మొదటి షీట్ పాడైంది. ఏడాదికి 53 నిలువు వరసలు కావాలి. 64 సెం.మీ.ని 53తో భాగిస్తే గడి 1.2 సెం.మీ. అందులో ఏం రాసినా చీమ పాకినట్టుంది. పైగా ఏడు వరసల ఎత్తు 8.4 సెం.మీ. మాత్రమే, మిగతా షీటంతా ఖాళీ. రెండో షీటులో ఏడాదిని రెండు పట్టీలు చేశాను. ఒక్కో పట్టీలో 27 వారాలు, గడి 2 × 2 సెం.మీ. పట్టీ పొడవు 54, ఎత్తు 14. కింద వారం మొత్తం రాసుకోడానికి ఇంకో 2. కుడివైపు 12 సెం.మీ. మిగిలింది, కారణాలు రాసుకోడానికి సరిపోయింది.

చెమ్మకు పాకని గుర్తు కావాలని బొట్టుబిళ్లలు పెట్టాను. ఫ్యాన్సీ కొట్లో ప్యాకెట్ పది రూపాయలు, నాలుగు సైజులు. చిన్న బొట్టు 15 నిమిషాలు, పెద్ద బొట్టు 45. "గోడకి ముత్తైదువ బొట్లేంటండీ" అంది మా ఆవిడ.

చెడినవి:

1. ఫ్యాన్ గాలికి పెద్దవి ఊడిపోయాయి. మూడు వారాల్లో నాలుగు నేల మీద దొరికాయి, ఒకటి పిల్లి కాలికి అంటుకుని కనపడింది. ఏది ఏ గడిదో తెలియదు.
2. ఊడిన చోట జిగురు మిగిలి దుమ్ము పట్టి నల్లగా అయింది. దూరం నుంచి చూస్తే అదీ గుర్తులాగే ఉంది.
3. అతికించడం సరదాగా ఉండటం. ఇది అసలైన లోపం.

మూడోది వివరంగా చెబుతాను. ఒక ఆదివారం రాత్రి కూర్చుని వారమంతటి బొట్లు ఒకేసారి పెడుతుంటే అమ్మాయి అడిగింది, "నాన్నా, గురువారం నువ్వు పడుకునే ఉన్నావుగా?" నేను కాదన్నాను. అయితే ఆడిట్ చేద్దామంది. నడకకు వెళ్లినప్పుడు ఫోన్ జేబులో ఉంటుంది, అందులో గంటల వారీగా అడుగుల లెక్క ఉంటుంది. పొద్దున 5 – 7 మధ్య 2,500 అడుగులు దాటితే వెళ్లినట్టు, లేకపోతే లేనట్టు. అక్టోబర్ 6 వరకు 21 రోజులకు నా బొట్లు 17. ఫోన్ లెక్క 14. మూడు దొంగ ఎంట్రీలు, మూడూ గురు శుక్రవారాల్లోనే. అబద్ధం ఆడాలని ఆడలేదు. వెళ్లాలని గట్టిగా అనుకున్న రోజు నాలుగు రోజుల తరవాత వెళ్లిన రోజులాగే గుర్తుంటుంది. రొక్కం చేతికి రాకుండా జమ రాసినట్టే. చిట్టా ఆ రాత్రే మూసెయ్యాలని మా కొట్లో ఎందుకంటారో అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్‌లో అడుగులు వస్తున్నప్పుడు ఇక గోడ ఎందుకు, రోజుకు పది వేల అడుగులు పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. ఆ పది వేలు 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె. నా ఇబ్బంది వేరు: సీజన్ రోజుల్లో గోడౌన్ మెట్లెక్కి దిగడంతోనే తొమ్మిది వేలు పడతాయి. ఆ రోజు నడకకు వెళ్లకపోయినా ఫోన్ శభాష్ అంటుంది.

అక్టోబర్ 7 నుంచి మార్పులు:

1. బొట్లు బంద్. ఒక గీత = 10 నిమిషాలు.
2. 15, 45 నిమిషాల నిబంధన రద్దు. పది నిమిషాలైనా ఒక గీత పడుతుంది.
3. మర్నాడు రాసే ఎంట్రీ చెల్లదు. రాయడం మర్చిపోతే చెయ్యనట్టే.

10 నిమిషాలన్నది కేవలం రాసుకునే సౌకర్యానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పది నిమిషాలకు తక్కువైన వ్యాయామం లెక్కలోకి రాదంది, 2020లో ఆ షరతు తీసేసింది.

ఈ అయిదు వారాల్లో దసరా ఉంది, దీపావళి ఉంది. దుర్గమ్మ కొండ దిగువన రద్దీ వల్ల కొట్టుకు వెళ్లి రావడమే ఒక పని. అయినా 35 రోజుల్లో 22 వచ్చాయి. వాటిలో ఏడు రోజులు ఒక్క గీతే. పాత నిబంధన ఉంటే ఆ ఏడూ ఖాళీలే.

ఎనిమిది వారాలు నిండాక వరసలు అడ్డంగా కూడాను. ఎనిమిది సోమవారాల్లో ఎన్ని, ఎనిమిది మంగళవారాల్లో ఎన్ని, అలా:

సోమ 2, మంగళ 6, బుధ 6, గురు 7, శుక్ర 5, శని 6, ఆది 4.

సోమవారం వరస చూడండి. షీటు మీద పై వరస దాదాపు తెల్లగా కనపడుతుంది, గీత గీసి వదిలేసినట్టు. సోమవారం లారీ పార్శిళ్లు దిగుతాయి, ఏడింటికల్లా కొట్లో ఉండాలి. ఇది నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. కానీ పన్నెండు వరసల చార్టులో సోమవారాలు ఒకచోట 5, ఇంకోచోట 12, 19 అని చెల్లాచెదురుగా ఉండి ఒక్క నాటికీ కంటపడలేదు. గడి అదే, గుర్తు అదే, పేర్చే తీరు మారితే దొరికింది. ఈ డైరీలో ఒక్కటే కాపీ కొట్టాలనుకుంటే ఇది కొట్టండి: నెలలు కాదు, వారాలు పేర్చండి.

ఈ దశ: 36 / 56 (14 + 22). మొత్తం: 71 / 133 (53 శాతం). ఖర్చు: 75 + షీట్లు 30 + బొట్లు 40 + బాల్ పెన్ను 10 = 155.

## దశ 5: తలుపు పక్కకు (2024 నవంబర్ 11 – 2025 ఫిబ్రవరి 2)

షీటు అదే. మార్చినవి నాలుగు.

ఒకటి, చోటు. బీరువా పక్కన ఉన్న చార్టుకూ చెప్పుల స్టాండుకూ మధ్య పదకొండు అడుగులు. నడిచొచ్చి బూట్లు విప్పి, నీళ్లు తాగి, పేపరు చూసి, స్నానానికి వెళ్తే ఆ పదకొండు అడుగులు రాత్రి దాకా పడేవి కావు. అక్టోబర్‌లో నాలుగు రోజులు నడిచి కూడా రాయడం మర్చిపోయి పోగొట్టుకున్నాను. చార్టును వీధి తలుపు లోపలివైపు గోడకు, మధ్య వరస నేల నుంచి 150 సెం.మీ. ఎత్తులో ఉండేలా పెట్టాను. బూట్లు విప్పకముందే గీత. ఈ పన్నెండు వారాల్లో మర్చిపోయింది ఒక్క రోజే.

రెండు, పెన్ను. పురికొసతో మేకుకు కట్టాను. గోడ మీద రాస్తే బాల్ పెన్ను ములికి పైకి చూస్తుంది, ఇంకు వెనక్కి జారి నాలుగు గీతలకే ఆగిపోతుంది. మామూలు పెన్సిల్ పెడితే చెరపబుద్ధి అవుతుంది. చివరికి ఆడిటర్లు టిక్కులు పెట్టే ఎరుపు-నీలం రెండు మొనల పెన్సిల్ పెట్టాను. గోడ మీద రాస్తుంది, చెమ్మకు పాకదు, రబ్బరుకు లొంగదు. తాడు మొదట 60 సెం.మీ. పెట్టాను, కిందికి వేలాడి తలుపు సందులో ఇరుక్కుంది. 40 చాలు.

మూడు, సోమవారం సెలవు. ఓడిపోయే రోజును ముందే సెలవుగా రాసేశాను. ఆదివారం రాత్రే సోమవారం గడిలో చుక్క పెట్టాలి. వెనక తేదీలకు చుక్క పెట్టడానికి వీల్లేదు, లేకపోతే ప్రతి ఖాళీ చుక్క అయిపోతుంది.

నాలుగు, గొలుసు బదులు కొత్త నియమం: రెండు ఖాళీలు పక్కపక్కన పడకూడదు. ఒక ఖాళీ పడితే మర్నాడు కనీసం ఒక గీత, మెట్ల మీదైనా సరే. ఎన్ని రోజులు వరసగా చేశానో ఇప్పుడు లెక్కపెట్టను. ఖాళీ తరవాత తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెడతాను. దశ 3లో అది ఎనిమిది. ఈ దశలో తొమ్మిది ఖాళీలు పడ్డాయి. ఎనిమిది సార్లు మర్నాడే గీత పడింది. ఒక్కసారి, జనవరి 15 – 16, కనుమ నాడూ ముక్కనుమ నాడూ, రెండు పక్కపక్కన పడ్డాయి. అందుకు సంజాయిషీ ఏమీ లేదు, తిని పడుకున్నాను.

కావాల్సినవాళ్లకు గీసే పద్ధతి:

1. 71 × 56 సెం.మీ. తెల్ల షీట్, పొడవు అడ్డంగా.
2. ఎడమవైపు 5 సెం.మీ. వదిలి 2 సెం.మీ. చొప్పున 27 నిలువు వరసలు.
3. ఏడు అడ్డ వరసలు, పైన సోమవారం. కింద ఎనిమిదోది మొత్తానికి.
4. తేదీ గడి మూలన చిన్నగా. నెల మారే చోట ఎర్ర గీత.
5. గుర్తులు నాలుగే: గీత (10 నిమిషాలు), చుక్క (ముందే రాసిన సెలవు), అక్షరం (జ్వరానికి జ, వరదకు వ), ఖాళీ.
6. మొదటి వారం నుంచే మొత్తం కూడండి. తరవాత కూడుదామనుకుంటే కూడరు.

ఊరెళ్తే చార్టు వెంట రాదు. సంక్రాంతికి చొక్కా జేబులో పెట్టుకునే చిన్న చీటీ మీద వారం గళ్లు గీసుకుని వెళ్లాను. ఇంటికొచ్చాక ఎక్కించి, చీటీని పక్కనే అంటించాను. వోచర్ లేని ఎంట్రీ ఉండకూడదు.

డిసెంబర్ 3 నుంచి 6 వరకు జ్వరం. ఇక్కడ ఒక పేచీ వచ్చింది. 84 రోజుల్లో చేసినవి 59, సోమవారం సెలవులు 12, జ్వరం 4, ఖాళీలు 9. సెలవులూ జ్వరమూ తీసేస్తే 68కి 59, అంటే 87 శాతం. తీయకపోతే 84కి 59, 70 శాతం. మొదట 87 అని రాసి రెండు రోజులు సంతోషపడ్డాను. తరవాత కొట్టేశాను. హారంలో చెయ్యి పెట్టడం మొదలైతే ఆగదు: ఇవాళ జ్వరం, రేపు జలుబు, ఎల్లుండి మబ్బు. కారణం గడిలో రాసుకుంటాను, భాగించేది మాత్రం మొత్తం రోజులతోనే.

వారం వారీ గీతలు (15 గీతలు = 150 నిమిషాలు, పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీసం అదే):

13, 15, 16, 6, 11, 15, 14, 14, 17, 12, 16, 15.

మొత్తం 164 గీతలు, 1,640 నిమిషాలు. సగటున వారానికి 137. పన్నెండు వారాల్లో ఆరే 15 అందుకున్నాయి. 6 అన్నది జ్వరం వారం, 12 సంక్రాంతి వారం. 14, 14 మాత్రం నా పిసినారితనం, ఆదివారం ఇంకో పది నిమిషాలు నడిస్తే సరిపోయేది. ఆ రెండు వారాల మొత్తం నేను సోమవారం పొద్దున కూడాను. ఇప్పుడు శనివారం రాత్రే కూడుతున్నాను, ఎంత బాకీ ఉందో ఆదివారానికి తెలుస్తుంది. చివరి రెండు వారాలు 16, 15 రావడానికి కారణం అదే అనుకుంటున్నాను. రెండు వారాలతో ఖాయంగా చెప్పలేను.

ఇంకా తేలనిది ఒకటుంది. నడక ఒక్కటే చాలదు, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. గుంజీలు, గోడ మీద చేతులానించి తీసే దండీలు చేసిన రోజు గీతల చుట్టూ ఎర్ర సున్నా చుడుతున్నాను. 24 ఉండాల్సిన చోట 11 ఉన్నాయి. నీలం గీతల మధ్య ఆ సున్నాలు కంటికి ఆనడం లేదు, అందుకే అవి తగ్గినా గుచ్చుకోవడం లేదు. వీటికి కిందనున్న మొత్తం గడిని రెండుగా చీల్చి, కుడి సగంలో సున్నాల లెక్క వేరే రాయాలి. ఈ వారం నుంచి మొదలుపెడుతున్నాను.

ఈ దశ: 59 / 84. మొత్తం: 130 / 217 (60 శాతం). ఖర్చు: 155 + పెన్సిల్ 10 + టేపు 15 = 180.

పై పట్టీలో ఇంకా ఏడు వారాలు మిగిలాయి. ఇవాళ ఫిబ్రవరి 3, సోమవారం. చుక్క నిన్న రాత్రే పెట్టాను. లారీ వచ్చేసిందట, కొట్టు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.